సేటు సింధీ, నా అక్షరాలు

నలుగురూ చదవడానికి రాయడం నాకిదే మొదటిసారి. నేను స్టాండర్డ్ ఫోర్‌తో బడి మానేశాను. ఇంతకుముందు ఒక పెద్ద నోటుబుక్కు నిండా రాశాను గాని అందులో మాటలు నావి కావు. వాటి అర్థం కూడా నాకు సరిగ్గా తెలియదు.

ఇక్కడ ఆఫ్రికాలో, ఇసిపింగో అనే ఊళ్లో, ఒక సింధీ సేటు బట్టల కొట్లో మిషను కుట్టేదాన్ని. షుగరు జబ్బుతో సేటుకి కళ్లు పోయాయి. కొట్టు కోడలు చూసుకునేది. పొద్దున్నే, షట్టరు ఎత్తకముందు, ఆయన నా మిషను పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. నాతో సగం ఇంగ్లీషు, సగం హిందీ. నన్ను బేటీ అనేవాడు.

ఇక్కడి నల్లవాళ్ల పెద్దాయన్ని ఇరవై ఏడేళ్లకి జైలు నుంచి వదిలిన మర్నాడు కొట్లో అందరం అదే మాట్లాడుకుంటున్నాం. సేటు ఒక్కడే తన కుర్చీ నా మిషను పక్కకి జరుపుకున్నాడు. తర్వాత నాతో అన్నాడు: "మీ ముసలాయన బయటికొచ్చాడు. మా ముసలాయన ఇంకా లోపలే ఉన్నాడు బేటీ."

అలా తెలిసింది నాకు పాకిస్తాన్‌లో ఉన్న సింధ్ నాయకుడి సంగతి. గొప్ప చదువరి అట. సింధ్ సింధీలదేనని రాసినందుకూ, చెప్పినందుకూ సగం జీవితం జైల్లోనూ, సొంత ఇంట్లో పోలీసుల కాపలా మధ్యా గడిచిపోయిందట. పుస్తకాలు చాలావరకు ఆ కాపలాలోనే రాశాడు, రాసినవాటిని ప్రభుత్వం ఆపేసేది. సేటు బడిపిల్లాడిగా ఉన్నప్పుడు ఆయన వీళ్ల ఊరికొచ్చి మాట్లాడితే గోడెక్కి విన్నాడట.

"పాకిస్తాన్ కావాలని మొదట అడిగినవాళ్లలో ఆయనా ఉన్నాడు," అన్నాడు సేటు. "అది వచ్చింది, మా హిందువుల ఇళ్లు పోయాయి."

"మరి ఆయనంటే మీకు కోపం లేదా సేట్‌జీ?"

"ఉండేది. తర్వాత ఆయనే తప్పు చేశానని పుస్తకంలో రాసుకున్నాడు. అలా రాసుకున్న లీడర్ని ఇంకొకణ్ణి చూపించు."

చాటుగా తెప్పించుకుని చదివిన ఆ పుస్తకాలు సేటుకి చాలావరకు నోటికొచ్చు. కళ్లు పోయాక అవి మర్చిపోతానేమోనని భయం పట్టుకుంది. ఆ నాయకుడి జీవితం, రాతలు, తను చూసింది, అన్నీ సింధీలో చెప్తాను, రాసిపెట్టమన్నాడు. చివరి పేజీ మాత్రం నాయకుడికే ఉత్తరం. ఇల్లు పోగొట్టుకున్న ఒక హిందువు ఆఫ్రికాలో కూర్చుని మిమ్మల్ని తప్పు పట్టడం లేదు అని. లండన్‌లో సేటు చిన్నాన్న కొడుకు, తమ్ముడి వరస, ఉన్నాడు. ఆ మనిషి ద్వారా అది నాయకుడి ఇంటికి చేరాలి, ఆ ముసలాయన బతికుండగా చేరాలి. సేటు కోరిక అంతే.

"ఇంగ్లీషు అక్షరాల్లో రాయి. మా తమ్ముడు సింధీ లిపిలోకి మార్చుకుంటాడు," అన్నాడు.

నేను సరేనన్నాను. బడిలో నేర్పిన ఇంగ్లీషు రాత నాకు ఎప్పుడో పోయిందని చెప్పడానికి నోరు రాలేదు. నాకొచ్చినవి మా తెలుగువాళ్ల గుడి హాల్లో శనివారం క్లాసులో నేర్చుకున్న తెలుగు అక్షరాలే. అవైతే చేయి ఆగకుండా రాస్తుంది. వాటితోనే మొదలుపెట్టాను.

మా వదిన ఒకసారి చూసి నవ్వింది. "నీకు సింధీ ఎప్పుడొచ్చిందే? షాపింగ్ లిస్టు ఇంగ్లీషులో రాయమంటే పెన్సిలు నవుల్తావు గదా."

"వినబడింది వినబడినట్టు రాత్తన్నా వదినా."

"సేటుకి తెలిస్తే మిషన్తో సహా నిన్ను రోడ్డు మీద పెడతాడు. చెప్పెయ్యి."

చెప్పలేదు. ఆ రోజుల్లో పని పోతే ఇంకోటి దొరికే దారి లేదు. బస్సుల మీద రాళ్లు, నల్లవాళ్లు ఉండే లొకేషన్ వైపు నుంచి పొగ. కొన్ని రోజులు కొట్టే తెరిచేవాళ్లం కాదు. తెరిచిన రోజు సేటు చెప్పేవాడు, నేను రాసేదాన్ని. చెప్పిన మాట మళ్లీ చదవమనేవాడు, చదివేదాన్ని, తల ఊపేవాడు. అందుకని ఆయనకి అనుమానం రాలేదు. పుస్తకం నిండేసరికి మేమంతా నల్లవాళ్లతో కలిసి మొదటిసారి వోటు కూడా వేసొచ్చాం. నేనే పోస్టాఫీసుకి తీసుకెళ్లి లండన్‌కి పంపాను. క్యూలో నిలబడినంతసేపూ వెనక్కి వెళ్లిపోదామనే ఉంది.

తమ్ముడి దగ్గర్నుంచి జవాబొచ్చింది. కోడలు అందరి ముందూ చదివింది. "ఇది ఏ భాషో ఇక్కడ ఎవరికీ తెలియడం లేదు. అంతా జిలేబీలు చుట్టినట్టుంది. అన్నయ్యని ఎవరో ఆటపట్టించారు."

సేటు మొహం నా వైపు తిరిగింది.

"మా తెలుగు అక్షరాలు సేట్‌జీ. ఇంగ్లీషు నాకు రాదు. చెప్తే ఇంకెవరికన్నా ఇచ్చేస్తారని..."

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. అన్నాడు: "ఇప్పుడు మళ్లీ చెప్పమంటే నాకు సగం కూడా గుర్తు రాదు. పుస్తకం వెనక్కి రప్పిద్దాం. నువ్వు చదువు, కేసెట్‌లో ఎక్కిద్దాం. అది పంపుదాం."

కోడలు కొత్త కేసెట్ కొనుక్కొచ్చింది. పుస్తకం ఓడ మీద వస్తోంది. ఇంకా రాకుండానే ఒక మధ్యాహ్నం లండన్ నుంచి ఫోనొచ్చింది. ఆ నాయకుడు పోయాడు. కాపలాలోనే పోయాడట. సేటు ఫోను పెట్టేసి, ఆ రోజు షట్టరు దించేయమన్నాడు.

పుస్తకం ఆ తర్వాత వచ్చింది, అట్ట ఒక మూల నలిగిపోయి.

"కేసెట్ పెట్టమంటారా?" అని అడిగాను.

"ఎవరికి?"

ఆయనే చివరి పేజీ చదవమన్నాడు. చదివాను. నాతోపాటే ఆయన పెదవులు కదిలాయి.

"బాగా రాశావు బేటీ. ఒక్క మాట కూడా పోలేదు," అని, గోడ పట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు.

నేను మొదటి రోజే నోరు విప్పి ఉంటే ఆయనే కేసెట్‌లో చెప్పుకునేవాడు. అప్పటికి ఆయనకి అన్నీ గుర్తున్నాయి.