నాలుగు గంటల బీపీ

పాదాలు వాచి చెప్పుల్లో పట్టకపోతేగానీ బహ్‌గత్ మా ఆసుపత్రికి రాలేదు. నైలు డెల్టాలో, పత్తి చేల మధ్యనున్న ఒక రైల్వే గేటుకు ఆయన కాపలాదారు. యాభై నాలుగేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. గేటు పక్కనే ఒంటిగది. మధ్యాహ్నమైతే రొట్టె, కుండలో నిలవపెట్టిన ఉప్పు జున్ను. నేను ఆ ఆసుపత్రిలో నర్సుని.

బీపీ చూస్తే నూట తొంభై. మూత్రంలో నురగ. కిడ్నీలు సగమే పనిచేస్తున్నాయని రక్తపరీక్షలో తేలింది. ఒక రోజంతా బీపీ ఎలా ఉంటుందో చూద్దామంది డాక్టర్ నజ్లా. ఆయన చేతికి పట్టీ కట్టి, నడుముకు చిన్న మిషను తగిలించాను.

"బాబాయ్, ఇది అరగంటకోసారి దానంతటదే బిగుసుకుంటుంది. అప్పుడు నువ్వేం చేస్తున్నావో ఈ కాగితం మీద రాయి."

"రాస్తానమ్మా. రైళ్ళ రిజిస్టరు రాసేది నేను కాక మరెవరు?"

"జున్ను తిన్నదీ రాయాలి మరి."

"అది మాత్రం రాయను. నీ చూపు చూస్తే పోలీసులకి పట్టించేలా ఉన్నావు."

మర్నాడు మిషనూ కాగితమూ తెచ్చాడు. రైలు వచ్చినప్పుడల్లా బీపీ కొంచెం పెరిగింది. అది మామూలే. సాయంత్రం నాలుగింటికి మాత్రం రెండు వందలు దాటింది. దాని పక్కన ఆయన రాసిన మాట: 'ఊరికే కూర్చున్నాను.'

"నాలుగింటికి ఏ రైలుంది బాబాయ్?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఏదీ లేదు. ఆ రైలు తీసేసి చాలా కాలమైంది."

ఆ రైలు సంగతి ఆయనే చెప్పాడు. పదకొండేళ్ళ కిందట, నాలుగు గంటల రైలుకు గేటు వేసి ఉంది. వగ్దీ అనే కుర్రాడు గేటు కింద నుంచి మోటారుసైకిలు తోసుకుంటూ దూరాడు. బహ్‌గత్ అరుస్తూ పరుగెత్తాడు, అందుకోలేకపోయాడు; కుర్రాడు రైలు కింద పడి చనిపోయాడు. తప్పు ఆయనది కాదని విచారణలో తేల్చారు. కానీ ఆయన పరామర్శకు వెళ్ళలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళనని ఊరుకున్నాడు. ఆ తర్వాత టీ దుకాణానికీ పోవడం మానేశాడు.

"మెదడు నుంచి నీ కిడ్నీల దాకా నరాలున్నాయి," అని డాక్టరమ్మ చెప్పింది. "నువ్వు భయపడ్డప్పుడల్లా అవి కిడ్నీలకి కబురు పెడతాయి, ఉప్పూ నీళ్ళూ బయటికి పోనివ్వద్దని. రక్తనాళాలు బిగుసుకుంటాయి, బీపీ పెరుగుతుంది. ఆ బీపీ కిడ్నీల్లోని సన్న జల్లెళ్ళకి చిల్లులు పొడుస్తుంది. దెబ్బతిన్న కిడ్నీలు మళ్ళీ మెదడుకే మొర పెట్టుకుంటాయి. నీ ఒంట్లో పదకొండేళ్ళుగా ఇదే జరుగుతోంది. ఉప్పు జున్ను దానికి తోడైంది."

"మాత్రలేసుకుంటే ఆ నరాలు ఊరుకుంటాయా తల్లీ?"

"కొంత ఊరుకుంటాయి. అన్నీ మాత్రతో పోవు."

ఆ శుక్రవారం ఆయన వగ్దీ తల్లి ఇంటికి వెళ్ళాడు. గేటుకు రెండు చేల అవతలే ఆ ఇల్లు. తర్వాత నాకు ఆయనే చెప్పాడు. ఆమె తలుపు తీసి, ఎవరో పోల్చుకుని, లోపలికి పోయి చక్కెర వేయని కాఫీ పెట్టుకొచ్చిందట, అక్కడ చావింటికొచ్చినవాళ్ళకి ఇచ్చినట్టే.

"ఇప్పుడా రావడం?" అందట.

"ధైర్యం చాల్లేదమ్మా."

"వాడు నా మాటే వినేవాడు కాదు, నీ మాటేం వింటాడు! నువ్వు అరిచావని చూసినవాళ్ళు చెప్పారు. నీ నోట విందామని ఎన్నాళ్ళు ఎదురుచూశానో." ఆయన ఏడుస్తుంటే, "కాఫీ చల్లారిపోతోంది, తాగు," అందట.

ఆ పైన మాత్రలు మానకుండా వేసుకున్నాడు, ప్రతి శుక్రవారం ఆమె ఇంటికి వెళ్ళేవాడు. ఆర్నెల్లకు బీపీ నూట నలభైకి దిగింది. పోయిన సగం కిడ్నీ తిరిగి రాలేదు, ఉన్న సగం నిలబడింది. డయాలసిస్ అక్కర్లేకపోయింది.

చలికాలంలో ఆమెను కూతురు తన దగ్గరికి, సూయజ్ పట్నానికి తీసుకుపోయింది. వెళ్ళేముందు కబురు చేసిందట, బహ్‌గత్ డ్యూటీ వదిలి వెళ్ళలేకపోయాడు.

మూడు నెలలకోసారి వస్తే చాలని డాక్టరమ్మ చెప్పినా ఆయన నెలనెలా వస్తున్నాడు. అందరికంటే ముందే వచ్చి, బెంచీ మీద పక్కవాళ్ళతో కబుర్లాడుతూ కూర్చుంటాడు. పిలిస్తే, "తొందరేం లేదమ్మా, వాళ్ళని చూడండి ముందు," అంటాడు.