ఒక్క రోజు సిక్ లీవు పెట్టని డ్రైవర్

రాజోలి ఆశీర్వాదం మా యూనివర్సిటీ సెంటర్‌లో ఇరవై ఒక్క సంవత్సరాలు వ్యాను నడిపాడు. అన్నేళ్లలో ఒక్క రోజు కూడా సిక్ లీవు పెట్టలేదు. ఈ మాట చెప్తే విన్నవాళ్లు ఎంత మంచి మనిషో అంటారు. నాకు మాత్రం అనుమానం వచ్చింది.

ఎందుకు వచ్చిందో తెలియాలంటే ముందు నా సంగతి చెప్పాలి. నా పేరు బాలస్వామి. గోపాల్‌పేట బడిలో ఏడో తరగతి పరీక్షకు తాలూకాలోనే మొదటివాణ్ణి. అటెండర్‌గా చేరి, పదో తరగతి ప్రైవేటుగా కట్టి, డిపార్ట్‌మెంటు పరీక్షలు మొదటిసారికే గట్టెక్కి, సూపరింటెండెంట్‌గా రిటైరయ్యాను. ముప్పై నాలుగేళ్లలో నేను రాసిన లీవు రిజిస్టర్ల మీద ఆడిట్ వాళ్లు ఒక్క అభ్యంతరం రాయలేదు. రెండుసార్లు శాలువా కప్పారు. రెండోది పట్టుది.

సిక్ లీవు సంగతి చానామందికి సరిగా తెల్వదు. పర్మినెంటు ఉద్యోగికి ఏడాదికి ఇరవై రోజుల సగం జీతం లీవు జమ అవుతుంది. జబ్బు చేసిందని డాక్టరు సర్టిఫికెట్ పెడితే దాన్ని పూర్తి జీతానికి మార్చుకోవచ్చు. కాకపోతే ఒక్క రోజు ఇంట్లో పండుకుంటే ఖాతాలో రెండు రోజులు తరుగుతాయి. మళ్లీ డ్యూటీలో చేరేనాడు ఇంకో సర్టిఫికెట్ కావాలి, మనిషి పనికి తగినట్టు కోలుకున్నాడని. దాన్ని ఫిట్‌నెస్ అంటారు.

ఇది పుస్తకంలో ఉన్న నియమం. మా దిక్కు నడిచేది వేరు. శ్రావణం రాగానే అయిజ చుట్టుపక్కల విత్తన పత్తిలో క్రాసింగ్ మొదలవుతుంది. సాయంత్రం మొగ్గను గోటితో ఒలిచి, తెల్లారి దానికి మగ పువ్వు పుప్పొడి అద్దాలి. ఒక్క పొద్దు తప్పిందా, ఆ రోజు పువ్వులన్నీ దండగే. ఇంట్లో మనుషులు చాలరు, కూలీలు దొరకరు. సరిగ్గా అప్పుడే మా ఉద్యోగులకు జ్వరాలు వస్తాయి.

అయిజ మాసయ్య అని ల్యాబులో పని చేసేవాడు. ఒక ఏడాది కామెర్లని పన్నెండు రోజులు సిక్ లీవు పెట్టాడు. చేరేనాడు ఫిట్‌నెస్ కాగితం ఇస్తుంటే నేను అతని బొటనవేలు చూశాను. గోరంతా పసుపు.

"కామెర్లు కండ్లకు వస్తయి గద మాసయ్యా. నీకు గోటికి వచ్చినయేంది?"

"నాటు మందు సార్. పసుపు కలిపి నూరిన."

"ఎన్నెకరాలు నూరినవ్?"

మెమో ఇచ్చాను. అలాంటివాళ్లను మొత్తం ఏడుగురిని పట్టుకున్నాను. ఆ రోజు వరండాలో ఉన్న అందరికీ వినిపించేలా ఒక మాట కూడా చెప్పాను. "సిక్ లీవు రెండు తలుపుల ఇల్లు. మొదటి తలుపు ఎవడైనా తెరుస్తడు. రెండో తలుపు ఫిట్ అని డాక్టరు రాస్తేనే తెరుచుకుంటది. ఫిట్ కానోడు ఇంటికే." ఆ మాట నాకు చాలా బాగా చెప్పినట్టు అనిపించింది.

ఇక ఆశీర్వాదం. తుంగభద్ర ఒడ్డున కూలి చేసుకునే ఇంట్లో పుట్టాడు. తండ్రి మేస్త్రీల వెంట కాలువలు తవ్వడానికి పోయేవాడు. ఇతను పదిహేడేళ్లకు మహారాష్ట్రలో డ్యాం పనికి పోయి రాళ్లు కొట్టాడు, టిప్పర్ మీద క్లీనరై స్టీరింగు నేర్చాడు. మా దగ్గర తొమ్మిదేళ్లు రోజుకూలి మీద నడిపాక పర్మినెంటు అయ్యాడు. గద్వాల నుంచి వనపర్తి, నాగర్‌కర్నూల్ కాలేజీలకు ప్రశ్నపత్రాలు తీసుకుపోవడం, జవాబుల కట్టలు తేవడం అతని పని. వ్యానుకు ఒక గీత పడనివ్వలేదు. భార్య జమ్ములమ్మ క్రాసింగ్ కూలికి పోతుంది. వాళ్లకు సెంటు భూమి లేదు.

ఆ చివరి మాట గుర్తుంచుకోండి.

ఒకనాడు రిజిస్టరు తిరగేస్తుంటే అతని పేజీ కనిపించింది. పర్మినెంటు అయి పన్నెండేళ్లు, సిక్ లీవు గడి తెల్లగా ఉంది. ఆర్జిత సెలవు మాత్రం, మేం ఈఎల్ అంటాం, రెండేళ్లలో పన్నెండుసార్లు వాడాడు. ప్రతిసారీ ఒక్కటే రోజు, ఒక్కటే కారణం: వ్యవసాయ పనులు.

పొలాలున్నోళ్లు జ్వరమని రాసి పొలానికి పోతారు. పొలం లేనివాడు వ్యవసాయమని రాసి ఎక్కడికి పోతున్నాడు? మనిషి ఏదో దాస్తున్నాడు. రెండో సంసారమా, ఇంకెవరి లారీ అయినా నడుపుతున్నాడా? నా బుర్ర నిండా ఇదే.

అదే వారం ప్రిన్సిపాల్ సార్ పిలిచారు. "బాలస్వామీ, ఆశీర్వాదం సందె పడితే బండి ఆపేస్తున్నడట. పోయినసారి కట్టలు తెల్లారి వచ్చినయి. తాగుతున్నడేమో చూడు. తేలితే నౌకరీ పోయినట్టే."

మర్నాడు నేనే వ్యానెక్కాను. నాగర్‌కర్నూల్లో కట్టలు ఎక్కించుకుని తిరుగు దారి పట్టేసరికి నాలుగు దాటింది. పుష్యమాసం, పొద్దు తొందరగా గుంకుతుంది. దారంతా అతన్నే చూస్తూ కూర్చున్నాను. ఎడమ పక్క నుంచి బండి వస్తే తల మొత్తం తిప్పి చూస్తున్నాడు. అది కూడా మనసులో రాసుకున్నాను. గోపాల్‌పేట చేరగానే కురుమూర్తి హోటల్ ముందు బండి ఆపాడు.

"ఏమైంది ఆశీర్వాదం?"

"వెనక టైరు గాలి తగ్గినట్టుంది సార్. మీ ఊరే గద, పొద్దుగాల పోదాం."

దిగి టైరును కాలితో తన్నాను. రాయిలా ఉంది.

"టైరు మంచిగనే ఉంది. గాలి నీకే సోకినట్టుంది. ఇటు రా."

దగ్గరికి వచ్చి నవ్వాడు. "ఊదమంటరా సార్?"

"ఊదు."

ఊదాడు. పొద్దున తిన్న ఉల్లిగడ్డ వాసన తప్ప ఏమీ లేదు. నా అనుమానం తగ్గలేదు, ఇంకా పెరిగింది. తాగనివాడు సందెకు ఎందుకు ఆగుతున్నట్టు?

బల్ల మీద కూర్చున్నాం. కురుమూర్తి ఒక గ్లాసు నాకిచ్చి, రెండోది ఆశీర్వాదానికి ఎడమ పక్క నుంచి చాపాడు. ఆశీర్వాదం తీసుకోలేదు, రోడ్డు దిక్కే చూస్తున్నాడు.

"ఏందన్నా, అలిగినవా? చెయ్యి కాలుతుంది, పట్టు," అన్నాడు కురుమూర్తి.

అప్పుడు ఆశీర్వాదం తల మొత్తం తిప్పాడు. గ్లాసు కోసం చెయ్యి ఒకసారి గాలిలో ఊరికే పోయింది. కురుమూర్తి లోపలికి పోయేదాకా ఆగి అడిగాను.

"ఎడమ కన్ను ఎప్పుడు పోయింది?"

చాయ్ సగం తాగి గ్లాసు కింద పెట్టాడు. "రెండేండ్లాయె సార్. షుగరు. కర్నూలు దవాఖానల లేజర్ పెట్టిన్రు, నిలువలే. కుడిది పగలు మంచిగనే ఉంటది. సందె పడితే మసక."

"ఈ కంటితోని నన్ను ఇంత దూరం తీస్కొస్తివా?"

"అందుకే సందె కాంగనే ఆపుతున్న సార్."

"రెండు వందల నలభై రోజులు నీ ఖాతాల మూలుగుతున్నయి. సిక్ లీవు పెడితే నీ సొమ్మేం పోయింది?"

"మీరే చెప్తిరి గద సార్, రెండు తలుపులని. మాసన్నకు మెమో ఇచ్చినప్పుడు నేను ఆడనే అద్దం తుడుస్తున్న. మొదటి తలుపు తీసి లోపలికి పోత, సరే. నాకు ఫిట్ అని ఎవరు రాసిస్తరు?"

నేను ఆ రోజు వరండాలో చెప్పింది సగం నియమమే. నౌకరీలో ఉండగా వైకల్యం వస్తే మనిషిని తీసేయకూడదు, అదే జీతం మీద చేయగలిగిన పనికి మార్చాలి. ఆ చట్టం కాపీ నా బీరువాలోనే ఉంది. బెదిరించేటప్పుడు ఆ సగం చెప్తే బెదిరింపు పలుచన అవుతుందని చెప్పలేదు. ముప్పై నాలుగేళ్లలో నా తప్పు ఏదన్నా ఉందంటే అదొక్కటే.

అట్లని నోటి మాట నమ్మే రకం కాదు నేను. ముందు తాళంచెవి తీసుకున్నాను. తర్వాత దవాఖాన చీటీలు అడిగాను. సీటు కింద నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీశాడు. కట్టలతో సహా మా ఇంటికి పోయాం. అన్నం తిన్నాక నా డైరీలో రాసుకున్న సెలవు తారీఖుల పక్కన చీటీలు పరిచాను. పదకొండు కలిశాయి. పన్నెండో దానికి చీటీ లేదు.

"భాద్రపదంల ఈ రోజు ఏడికి పోయినవ్?"

"ఆ రోజు జమ్ములమ్మకు జ్వరం సార్. ఆమె బదులు క్రాసింగుకు పోయిన." చీటీలు సర్ది మళ్లీ కవర్లో పెట్టాడు. "వ్యవసాయ పనులే."

ప్రిన్సిపాల్ సార్ ఫోన్ చేసి కట్టలు ఏవని అడిగారు. టైరు పంచరని చెప్తే సరిపోయేది. ఏడుగురిని పట్టుకున్నవాణ్ణి నేను, ఆ మాట నా నోట రాలేదు. డ్రైవర్‌కు ఆరోగ్యం బాగాలేదు, రేపు సిక్ లీవు పెడుతున్నాడని చెప్పాను. తెల్లారి వనపర్తి కాలేజీ డ్రైవర్ వచ్చి వ్యాను తోలాడు. ఆశీర్వాదం వెనక సీట్లో నా పక్కన కూర్చుని, ఇరవై ఒక్క ఏళ్లు తాను తోలిన దారిని కిటికీలోంచి చూస్తూ వచ్చాడు.

ఆఫీసులో దరఖాస్తు నేను చెప్పాను, అతను రాశాడు. కారణం అన్నచోట పెన్ను ఆగింది. "నిజమే రాయి," అన్నాను. మెడికల్ బోర్డు చూసి, బండి నడపడానికి పనికిరాడు, వేరే పనికి పనికివస్తాడు అని రాసిచ్చింది. ప్రిన్సిపాల్ సార్ మొదటి ముక్క మాత్రమే చదివి, "పనికిరాడని ఉంది కద, ఇంటికి పంపుదాం," అన్నారు. రెండో ముక్క కింద ఎర్ర గీత గీసి, చట్టం కాపీ జతచేసి, నోట్ రాశాను. నాలుగు పేజీలు. అటువంటి నోట్ ఆ ఆఫీసులో అంతకుముందు ఎవరూ రాయలేదు. ఫైలు హెడ్డాఫీసులో పడుకుంది. మూడుసార్లు పోయి లేపాను. ఆశీర్వాదం మాత్రం ఆ నాలుగు నెలలూ నన్ను నమ్మలేదు. "నిజంగనే రెండో తలుపు ఉందా సార్?" అని వారానికోసారి ఫోన్ చేసేవాడు. నేనైనా అట్లే చేసేవాణ్ణి.

ఐదో నెలలో ఆర్డరు వచ్చింది. రికార్డు రూములో పని, అదే జీతం. చేరిక కాగితం మీద సంతకం పెట్టేముందు ప్రతి లైను కుడి కంటి దగ్గర పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

నేను రిటైరయి మూడేళ్లయింది. మొన్న శ్రావణంలో పెన్షన్ కాగితాల పని మీద పోతే ఆశీర్వాదం రికార్డు రూములో ఉన్నాడు. లీవు దరఖాస్తులు ఇప్పుడు అతని బల్ల మీదుగానే పోతున్నాయి. మాసయ్య ఎనిమిది రోజులు విరేచనాలని సిక్ లీవు పెట్టి, ఆ రోజే మళ్లీ చేరడానికి వచ్చాడు.

ఆశీర్వాదం ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీసుకుని తల తిప్పి చూశాడు. "మాసన్నా, జర నీ గోరు చూపియ్."

ఆ గదిలో వెలుతురు తక్కువ. ఆ కంటికి గోరు రంగు కనిపిస్తుందని నేను నమ్మను. కానీ మాసయ్య అప్పటికే చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.