ఏడు గెడ్డల పాట

మా ముత్తాత అనంతగిరి కొండల్లో పద్నాలుగు ఊళ్ళకు ముఠాదారు. ఆయన కొడుకు, మా తాత, ఆ పదవిలో కూర్చున్న చివరివాడు. ముఠాదారంటే తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: కొండ ఊళ్ళ శిస్తు పోగుచేసి సర్కారుకు కట్టేవాడు, తగువులు తీర్చేవాడు, పండగకు ఆయన వచ్చి నిలబడితే తప్ప డప్పు మోగేది కాదు. తర్వాత ఆ ఏర్పాటును సర్కారే ఎత్తేసింది. మా నాన్నగారికి దక్కినవి మూడు: తాతగారి చేతుల కుర్చీ, అరుగు మీద నాలుగు టేకు స్తంభాలు, నిటారుగా కూర్చునే అలవాటు. ఆ మూడోది నాకూ వచ్చింది. ముప్పై ఏళ్ళు బడిలో టీచరమ్మగా పాఠాలు చెప్పాను, ఏనాడూ కుర్చీకి వీపు ఆనించలేదు.

మొన్న చైత్రంలో అరకు నుంచి కిందికి దిగుతుంటే బొర్రా మలుపు దాటాక మా కారు ఆపారు. ఇటుకల పండుగ రోజులు, అంటే కొండవాళ్ళ వేట పండగ. మగవాళ్ళు వేటకు పోతే ఆడవాళ్ళు దారికి అడ్డంగా తాడు పట్టుకుని పాడతారు, వచ్చిన బండినల్లా ఆపుతారు. చూడ్డానికొచ్చిన పట్నంవాళ్ళయితే అద్దం దించి ఓ నోటు చేతిలో పెట్టి, ఫోన్లో నాలుగు ముక్కలు పట్టుకుని వెళ్ళిపోతారు. మా డ్రైవరు కూడా జేబులో చెయ్యి పెట్టాడు. ఈలోగా పాట నా చెవిన పడింది. "ఆగు బాబూ, ఇది డబ్బిచ్చి దాటే పాట కాదు" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి మా నాన్నగారి గొంతుతో వచ్చింది.

అది మా పాటల అత్త పాట. ఆమె మాకు రక్తసంబంధం కాదు. కొండవాగును మేం గెడ్డ అంటాం, ఆమె ఆ గెడ్డ అవతలి ఊరి మనిషి, కొండపోడు మీద సామలు, చోళ్ళు పండించుకునేది. నాన్నగారి కంటే నాలుగేళ్ళు పెద్దదని ఆయన ఆమెను అప్పా అని పిలిచేవారు, అందుకని నాకు అత్త అయింది. పొట్టి మనిషి. ముక్కుకు మూడు పుడకలు. చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేది. పాడే ముందు ఆ చుట్ట తీసి, ఆర్పి, కొప్పులో దోపుకునేది. అప్పుడు వచ్చేది ఆ గొంతు. తియ్యని గొంతు అనను. ఎండిన వెదురు గాలికి రాసుకున్నట్టు ఉండేది, కాని కొండ ఇవతల మొదలుపెడితే అవతలి పొలంలో కలుపు తీసేవాళ్ళు నడుం ఎత్తేవాళ్ళు. రేడియోలో, సినిమాల్లో పెద్దపెద్ద వాళ్ళను విన్నాను. వాళ్ళ పాట వింటే బాగుందనిపిస్తుంది. అత్త పాట వింటే మాత్రం నోరు మూసుకుని ఉండటం కష్టమయ్యేది.

ఆ పాటకు ఒక పద్ధతి ఉంది. ముందు నిలబడ్డ మనిషి మాట వేస్తుంది, వెనక చేతులు పెనవేసుకుని నిలబడ్డ వాళ్ళు కొస అందుకోవాలి. అందకపోతే ఇంకోసారి వేస్తుంది. రెండోసారీ అందుకోకపోతే పాట పడిపోయిందంటారు. పాట పడేసుకున్న మనిషి మళ్ళీ ముందు నిలబడదు. ఎవరూ పొమ్మనరు, తనే వెనక్కి వెళ్ళిపోతుంది. అత్త పాటల్లో గొప్పది ఏడు గెడ్డల పాట. కొండ మీద కురిసిన వాన కిందికెట్లా పోయిందని ఆమె అడిగితే, చింతగెడ్డ దాటి, తేనెగెడ్డ దాటి అంటూ ఏడు గెడ్డల పేర్లూ వరసగా కొసలో రావాలి. రెండో చరణానికి తేనెగెడ్డతో మొదలై చింతగెడ్డతో ముగియాలి, మూడోదానికి ఆ కిందిదానితో. ఏమరుపాటుగా పాడే పాట కాదు. ఆ గెడ్డలన్నీ మా పద్నాలుగు ఊళ్ళ మధ్య పారేవే కాబట్టి అది మా ఇంటి పాటని నాన్నగారి లెక్క. వాన దగ్గర శిస్తు వసూలు చేసినట్టు మాట్లాడేవారు.

తొంభైల మొదట్లో ఆయన విశాఖపట్నం వెళ్ళి రేడియో, టేపు కలిసిన టూ ఇన్ వన్ ఒకటి కొన్నారు. ఆ పుష్యమాసంలో పాటవాళ్ళు మా వాకిట్లోకి వచ్చినప్పుడు, ఒక సినిమా పాటల కేసెట్టు మీదే అత్త పాట రికార్డు చేశారు. ఏడు గెడ్డల పాట మూడో చరణం మధ్యలో, పులిగెడ్డ అనగానే, మా కోడి ఒకటి పెద్దగా అరిచింది, పాడేవాళ్ళు ఒక్క క్షణం ఆగి మళ్ళీ అందుకున్నారు. కేసెట్లో అదీ పడింది. పాట అయిపోయాక ఎవరో సినిమా హీరో ప్రేమగీతం సగంలోంచి అందుకునేవాడు.

ముఠాదారు పాట వింటాడు, పాడడు. ఇది మా ఇంటి నియమం. వాకిట్లో ఆడవాళ్ళు ఆడుతుంటే నాన్నగారు కుర్చీలో కదలకుండా కూర్చునేవారు, వేలు కూడా తాళం వేసేది కాదు. నన్నూ ఆ వరసలో నిలబడనిచ్చేవారు కాదు. కాని మధ్యాహ్నం భోజనమయ్యాక గది తలుపు గడియ వేసుకుని టేపు పెట్టేవారు. తలుపు వెనక రెండు గొంతులు వినిపించేవి. రేడియోలో సినిమా పాటలొచ్చినా అంతే, మగగొంతుతో కలిసి పాడేవారు. ఆడగొంతు రాగానే మర్యాదగా దగ్గేవారు. "మీ నాన్నగారికి ఆడ చరణమొస్తే జలుబు చేస్తుంది" అనేది మా అమ్మ.

ఇక తాడు సంగతి. మా జీపు వస్తే ఆడవాళ్ళు తాడు నేలకు దించి పక్కకు జరిగేవాళ్ళు. అడగలేదు, ఆజ్ఞాపించలేదు, తాతగారి కాలం నుంచీ అదే మర్యాద. తర్వాత జీపు షెడ్డులో పడింది. ఎవరడిగినా రిపేరులో ఉందనేవాళ్ళం. ఏడేళ్ళపాటు రిపేరులోనే ఉంది. దానికి చక్రాలు లేవన్న సంగతి ఊరందరికీ తెలుసు, మాకు తప్ప.

రెండువేల తర్వాత ఒక చైత్రంలో నాన్నగారూ నేనూ బస్సులో అరకు నుంచి వస్తున్నాం. తాడు అడ్డొచ్చింది, బస్సు ఆగింది. కండక్టరు తల బయటపెట్టి, "బేగి కానివ్వండమ్మా, అవతల జనం సూత్తన్నారు" అన్నాడు.

"నీ బస్సు రోజూ లేటే గదా! ఈయాల మా వల్ల అయిందని సెప్పుకోరాదేటి?" అందొక పిల్ల. బస్సంతా నవ్వింది.

ఇంకో పిల్ల మా కిటికీకేసి చూసింది. "ఆ బాబేటే, కర్ర మింగినట్టు కూకున్నాడు?"

"నోర్ముయ్యే గుంటా!" అన్న గొంతు అత్తది. నెరిసిన కొప్పులో చుట్ట దోపుకుంటోంది. నాన్నగారిని చూసింది. తాడు మాత్రం దించలేదు. బస్సుకు దించే అలవాటు లేదు మరి. నాకు చెవులు కాలాయి. నాన్నగారు ఎదురుగా ఉన్న సీటు కమ్మీనే చూస్తూ కూర్చున్నారు.

అప్పుడు అత్త ఏడు గెడ్డల పాట ఎత్తుకుంది. అది రోడ్డు మీద పాడే పాట కాదు, మా వాకిట్లో పాడేది. తాడు దించలేని చోట ఆమె చేసిన మర్యాద అదని నాకు చాలా కాలానికి అర్థమైంది. మొదటి కొస పిల్లలు ఎలాగో లాక్కొచ్చారు. రెండోది తడబడ్డారు. మూడోదానికి రెండు గెడ్డలు దాటి ఆగిపోయారు. పాత జట్టులో సగం మంది చనిపోయారు, సగం మంది కూతుళ్ళ ఊళ్ళకు పోయారు. ఈ పిల్లలకు సినిమా పాటలు వచ్చు. ఒకతె కిసుక్కుమంది. అత్త మళ్ళీ మాట వేసింది. అదే ఆఖరు. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అత్త కాలు ఒకటి వెనక్కి పడటం కిటికీలోంచి నాకు కనిపించింది.

నాన్నగారు లేచారు. నేను చొక్కా చెయ్యి పట్టుకున్నాను. "నాన్నగారూ, కూర్చోండి. అందరూ చూస్తున్నారు."

"చెయ్యి తియ్యమ్మా."

బస్సు దిగి, తాడు దగ్గర కోర్టులో సాక్షిలా నిటారుగా నిలబడి, కొస అందుకున్నారు. శ్రుతి గొప్పగా లేదు. పేర్లు మాత్రం ఒక్కటీ తప్పలేదు. పులిగెడ్డ అన్నాక టక్కున ఆగారు, ఒక్క క్షణం, మళ్ళీ మిగిలిన గెడ్డలు దాటారు. అత్త ముందు తెల్లబోయింది. తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"కోడి అరిసిన సోట కూడా ఆగినారేటి బాబూ! ఎన్నేళ్ళ బట్టి పాడతన్నారు తలుపేసుకుని?"

"పదేళ్ళయింది అప్పా" అన్నారాయన, నేరం ఒప్పుకున్నట్టు.

ఆమె వెనక్కి తిరిగి, "దించండే తాడు" అంది.

"ఉండనీ. ఇంకా నాలుగు గెడ్డల చరణాలున్నాయి. అయ్యాక దించుదురుగాని" అన్నారు నాన్నగారు.

కండక్టరు విసుక్కుంటూనే బస్సు ఆపి ఉంచాడు. నేను సీట్లోనే కూర్చుని ఉన్నాను, దిగలేదు. దిగి ఉండాల్సింది.

ఆ తర్వాత ఆదివారాలు ఆ పిల్లలు మా ఇంటికి వచ్చేవాళ్ళు. గది తలుపు తెరిచి ఉండేది. టేపు పాడుతుంటే కలిసి పాడేవాళ్ళు, కొస తప్పితే నాన్నగారు వెనక్కి తిప్పేవారు. ఆయన కుర్చీ దిగలేదు గాని, వేలితో చేతి మీద తాళం వేసేవారు. అత్త చివరి ఏడాది దాకా ముందే నిలబడింది. ఆమె పోయిన రెండేళ్ళకు ఆయనా పోయారు.

మొన్న నేను కారు దిగాను. కొంగు నడుముకు చుట్టుకుని తాడు ఇవతల నిలబడి కొస అందుకున్నాను. మూడో చరణంలో పులిగెడ్డ రాగానే ఆ ఆడపిల్లలందరూ ఒక్కసారిగా ఆగారు, నాతోపాటే. పాట అయ్యాక అడిగాను: "అక్కడెందుకు ఆగారమ్మా?"

"ఎందుకేటి టీచరమ్మా? ఆ పాట అంతే. మాయమ్మా అక్కడే ఆగేది."

మా పద్నాలుగు ఊళ్ళ పెత్తనం రెండు తరాలు నిలిచింది, మా కోడి అరుపుకు ఇంకా గడువు తీరలేదు. నాన్నగారు చనిపోయిన ఏడాది ఇంటి కప్పు బాగుచేయించడానికి టేకు స్తంభాలూ, చేతుల కుర్చీ, టూ ఇన్ వన్ కలిపి అనంతగిరి సంతకొచ్చే పాతసామాన్ల వ్యాపారికి అమ్మాను. కేసెట్టు అందులోనే ఉంది.