తనకు తానే డాక్టరు

డాక్టర్లకు ఒక జబ్బుంది. తమ జబ్బును ఇంకొకరికి చూపించుకోరు. బర్మింగ్‌హామ్‌లో వృద్ధుల వార్డు చూసే డాక్టర్ శివపార్వతికి అది మరీ ముదిరింది.

పన్నెండేళ్ల క్రితం క్యాన్సర్ వచ్చి ఆమె మూత్రాశయం తీసేశారు. చిన్నపేగు చివరి ముక్కతో మూత్రానికి దారి చేసి, పొట్టమీద సంచీ తగిలించారు. ఆ సంచీ సంగతి భర్త పద్మనాభానికి తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. ఏటా రక్తపరీక్షకు రమ్మన్నారు. వెళితే తెలిసినవాళ్ల కంట పడాలి. కొన్నాళ్లు వెళ్లి, ఆ తర్వాత డ్యూటీల వంక పెట్టి మానేసింది.

ఒళ్లు నొప్పులొస్తే ఈ దేశంలో ఎండ లేదంది. అరికాళ్లు తిమ్మిరెక్కితే మాంసం ముట్టనివాళ్లకు మామూలేనంది. మనవాళ్ల విందుల్లో ఏ ఆంటీ మోకాలు పట్టుకున్నా ఆమె చెప్పేది విటమిన్ మాత్రలే. తానూ అవే మింగుతూ కూర్చుంది. ఏం చదువో ఏమో, ఒళ్లు మండుతుంది.

మొన్న బస్సు దిగుతూ పడితే తుంటి విరిగింది. ఆపరేషన్ చేసి అతికించారు. మళ్లీ నడిచి తన వార్డుకు వెళ్లగలనా అన్నదే ఆమె దిగులు. కిడ్నీ డాక్టర్ నీహారిక రిపోర్టులతో మంచం దగ్గరికొచ్చింది.

“ఆ పేగు ముక్క మూత్రంలోని యాసిడ్‌ని మళ్లీ రక్తంలోకి లాగేస్తోంది మేడమ్. ఆ యాసిడ్‌ని విరచడానికే ఇన్నేళ్లూ ఎముకలు కరిగిపోయాయి. కిడ్నీలు కూడా సగం దెబ్బతిన్నాయి. బి12 విటమిన్ పీల్చుకునే పేగు కూడా అదే. మీకు మాత్రలు చాలవు, ఇంజెక్షన్లు పడాల్సింది. మిమ్మల్ని ఎవరు చూస్తున్నారు?”

“నేనే చూసుకుంటున్నా.”

నీహారిక రిపోర్టుల్లోకి తల దించుకుంది. శివపార్వతికి సిగ్గుతో చచ్చినంత పనైంది.

“ఇంజెక్షన్లు మొదలుపెడతాం. రక్తంలో యాసిడ్ తగ్గడానికి సోడా మాత్రలిస్తాం. ఇంకా దిగజారకుండా ఆపొచ్చు.”

“కాళ్లలో స్పర్శ?”

“బి12 అందక వెన్నుపాము దాకా దెబ్బతింది మేడమ్. ఇక రాదనే అనుకోవాలి.”

సాయంత్రం ఇద్దరు నర్సులు ఆమెను పట్టుకుని మంచం పక్కన నిలబెట్టారు. ఆమె పద్మనాభం భుజం గట్టిగా పట్టుకుంది.

“ఏవండీ, నా కాళ్లు నేలమీద ఆనాయా?”

అతను వంగి చూశాడు.

“ఆనాయి, పార్వతీ,” అన్నాడు.