చార్జర్ నా కారు డిక్కీలో ఉంది

మా ఫామ్‌హౌస్ వాచ్‌మన్ ట్రాక్టర్ బ్యాటరీల్లో బోరు నీళ్లు పోసి మూడింటినీ చంపేశాడని నేను మా చుట్టుపక్కల ఫామ్‌హౌస్‌ల వాట్సాప్ గ్రూపులో రాశాను. అది అబద్ధం. ఎదురుగా ఉన్నప్పుడు ఆయన్ని పెద్దాయన అని పిలుస్తాను. గ్రూపులో మాత్రం వాచ్‌మన్ అని రాశాను.

మొయినాబాద్ దగ్గర మాకు ఎకరం ఉంది. ఆదివారాలు వెళ్లి, మూడు మామిడి మొక్కల మధ్య నిలబడి, వ్యవసాయం ఎంత కష్టమో నగరం నుంచి వచ్చినవాళ్లకు చెబుతుంటాను. పక్క ఫామ్‌హౌస్ వాళ్లు ఖాళీ చేస్తూ తమ పాత కరెంటు ట్రాక్టర్‌ను నాకు అంటగట్టారు. పొలానిది కాదు, లాన్‌లో గడ్డి కోసేది. సీటు కింద మూడు బ్యాటరీలు.

పెద్దాయనది షాబాద్ వైపు పల్లె. అసలైన ట్రాక్టర్ ఇరవై ఏళ్లు నడిపాడు, ఊరి చర్చిలో సంఘపెద్ద. బండి దిగిన రోజు చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"సార్, దీనికి నాగలి కట్టరా?"

"కట్టరు."

"ట్రాలీ?"

"ఉండదు."

"దున్నకపాయె, మొయ్యకపాయె. మరి ట్రాక్టర్ అని ఎందుకన్నరు సార్ దీన్ని?"

తర్వాత సీటు ఎత్తి, బ్యాటరీల్లో నీళ్లు చూడాలన్నాడు. ఇంగ్లీషు పుస్తకం ఉన్న యంత్రాన్ని ముట్టుకోవద్దన్నాను. ఆ పుస్తకం నేనూ చదవలేదు.

మా ఫామ్‌హౌస్ వాళ్లకొక ఆచారం ఉంది. ఇల్లు, బోరు, కుక్క, గేటు తాళం అన్నీ వాచ్‌మన్‌కు అప్పగించి, టీవీ రిమోట్‌నూ గ్యాస్ రెగ్యులేటర్‌నూ మాత్రం సంచిలో వేసుకుని ఇంటికి తీసుకుపోతాం. నేను వాటికి ట్రాక్టర్ చార్జర్‌ను కూడా చేర్చాను; సంచిలో పట్టక అది కారు డిక్కీలోనే ఉండిపోయింది. లేకపోతే ఆయన ఆ బండెక్కి ఊరంతా తిరుగుతాడేమోనని భయం. అది మనిషి నడిచేంత వేగంతో పోయే బండి.

ఆ వానాకాలం మోకాలి నొప్పి వల్ల అయిదు నెలలు అటు వెళ్లలేదు. పెద్దాయన రెండుసార్లు ఫోన్ చేశాడు.

"సార్, బండి ఊకె నిలవడ్డది. చార్జర్ పంపుతరా? జర పెట్టి ఉంచుత."

"వచ్చినప్పుడు నేనే పెడతాలే" అన్నాను.

వచ్చినప్పుడు మిత్రులతో వచ్చాను. అందరూ చూస్తుండగా ట్రాక్టర్ ఎక్కి తాళం తిప్పాను. టిక్కుమని కూడా అనలేదు. మిత్రులు నవ్వారు. సీటు ఎత్తితే తీగల మొదళ్ల దగ్గర తెల్లటి పొడి. నవ్వు నా మీద నుంచి పోవాలి గనక, "పెద్దాయన బోరు నీళ్లు పోసినట్టున్నాడు" అన్నాను.

ఆయన అన్నం గిన్నె తెస్తూ ఆగిపోయాడు. "నేను ముట్టలే సార్."

"సరే, పోనీలే" అన్నాను, క్షమించినవాడి గొంతుతో. ఆ సాయంత్రమే గ్రూపులో హెచ్చరిక పెట్టాను. పది బొటనవేళ్లు లేచాయి.

మా ఇల్లు కాక పక్కన రెండిళ్ల బోర్లు కూడా ఆయనే చూసేవాడు. మూడిళ్ల తాళాలూ మెడలో ఒకే తాడుకు ఉండేవి. వారం తర్వాత వెళ్తే తాడుకు ఒక్కటే తాళం, మాది. మిగతా ఇద్దరూ వెనక్కి తీసుకున్నారు. పెద్దాయన నా దగ్గరికి వచ్చాడు.

"చేవెళ్లల నాకెరుకైన బ్యాటరీ మిస్త్రీ ఉన్నడు సార్. ఒకపారి చూపిద్దాం."

"చచ్చినవాటిని ఏం చూపిస్తావు?"

"ఎట్ల సచ్చినయో తెలుస్తది గద."

బ్యాటరీలు పెట్టడానికి డిక్కీ తెరిచాను. లోపల చార్జర్ ఉంది. ఆయన దాన్ని రెండు చేతులతో పక్కకు జరిపి చోటు చేశాడు.

చేవెళ్లలో మిస్త్రీ మూతలు విప్పి టార్చి వేసి చూశాడు.

"ఎన్ని నెలలాయె చార్జింగ్ పెట్టక? ప్లేట్లు తెల్లగయినయి చూడుండ్రి. ఉపాసముండి పడ్డయివి."

"బోరు నీళ్లు పోస్తే అట్లా అవుతుందేమో" అన్నాను, కొంచెం ఆశగా.

"ఎవడు పోసిండు సార్? ఇందుల నీళ్లే లెవ్వు. చార్జర్ ఎవలకాడుండె?"

పెద్దాయన రోడ్డు మీద పోతున్న బస్సును చూస్తున్నాడు. ఆ ఒక్క మాట ఆయన చెప్పొచ్చు, చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

మిస్త్రీ ప్లేట్లు మునిగేదాకా డిస్టిల్డ్ వాటర్ పోసి, తన పాత బరువైన చార్జర్‌కు తగిలించాడు. కొత్త చార్జర్లు ఇట్లాంటివాటిని చచ్చినట్టే లెక్కేసి ముట్టవట. "ఉపాసమున్నోనికి బిర్యానీ పెట్టొద్దు సార్. గంజి పొయ్యాలె, తక్కువ కరెంటు, నాలుగు దినాలు."

రెండు బతికాయి. మూడోది సగమే కోలుకుంది. ఇప్పుడు బండి లాన్ మధ్య వరకు కోసి, అక్కడ ఆగి ఆయాసపడుతుంది.

నిజం రాయడానికి నాకు ఇంకో రెండు వారాలు పట్టింది. మొదట "సమాచార లోపం జరిగింది" అని రాసి చెరిపేశాను. తర్వాత "సాంకేతిక కారణాల వల్ల" అని రాసి చెరిపేశాను. చివరికి ఇట్లా పెట్టాను: బోరు నీళ్లు ఎవరూ పోయలేదు, చార్జర్ అయిదు నెలలు నా కారు డిక్కీలో ఉంది, తప్పు నాది. ఒక్క బొటనవేలు లేచింది. ఇంకొకాయన మిస్త్రీ ఫోన్ నంబరు అడిగాడు. తాళాలు మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేదు.

అందుకని ఆదివారం రెండిళ్లకూ నేనే వెళ్లాను. ఒకాయన నెంబర్ లాక్ పెట్టించానన్నాడు. రెండో ఆయన నా మాట పూర్తిగా వినకుండానే తాళం చేతిలో పెట్టాడు.

అది తెచ్చి పెద్దాయనకిచ్చాను. నేను అబద్ధం చెప్పానని ఆయనతోనే అన్నాను.

"నాకెరుకే గద సార్" అంటూ తాళాన్ని తాడుకు గుచ్చి ముడి వేసుకున్నాడు. "మరి చార్జర్?"

డిక్కీలోంచి తీసి ఇచ్చాను.

ఆ రోజే గ్యాస్ రెగ్యులేటర్ కూడా ఇచ్చానని రాయాలని ఉంది. ఇవ్వలేదు. దాన్ని తర్వాతి ఆదివారం ఇచ్చాను.