మూడోసారి అడగని మాట

నా చిన్నప్పుడు మా తాతయ్య మీసాల మీద రెండు పిచ్చుకలు కాపురం చేసేవంటే మీరు నమ్మరు. నమ్మకండి. నేను కొంచెం పెంచి చెబుతాను, ముందే ఒప్పేసుకుంటున్నాను. మా ఇంట్లో పిల్లి ఈనితే వీధిలోకి పరుగెత్తి పులి ఈనిందని చాటిన దాన్ని. యాభై దగ్గరపడ్డాక ఇక మారడం కుదరదు. ఇందులో ఎక్కడ కల్పించానో చివర్న నేనే చెబుతాను. అంతవరకు కాస్త ఓపిక పట్టండి.

ముందు మా కోనసీమ మర్యాద ఒకటి చెప్పాలి. ఇంటికొచ్చిన మనిషిని భోజనానికి లేవమంటే వెంటనే లేవడు. "ఇప్పుడే తిని వచ్చానండి" అంటాడు. కడుపులో పేగులు సన్నాయి వాయిస్తున్నా సరే, అదే అంటాడు. రెండోసారి అడిగితే "మీకెందుకండీ శ్రమ" అంటాడు. మూడోసారి అడిగితే "మీరింతగా అంటుంటే కాదంటే బాగోదు" అని చేతులు కడుక్కోవడానికి లేస్తాడు. మొదటి రెండూ మర్యాద, మూడోదే జవాబు. మా పక్కింటి అబ్బాయి తుని అవతల సంబంధం చేసుకున్నాడు. మొదటిసారి అత్తవారింటికి వెళ్తే అత్తగారు ఒక్కసారే అడిగి ఊరుకుందట. మూడు రోజుల్లో అతను దారప్పోగులా తయారై, తిరుగు రైల్లో టిక్కెట్టు కలెక్టరు కంటికి ఆనలేదని ఊరంతా చెప్పుకునేది. ఊరంతా అంటే, నేను.

మా తాతయ్య ఊళ్ళో పార్టీకి పెద్ద. పార్టీ పేరెందుకు లెండి, ఏ పేరు పెట్టుకున్నా ఈ కథ ఇలాగే నడుస్తుంది. ఆ ఏడు పంచాయతీ ఎన్నికలొచ్చాయి. ఆ ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవు. అయినా ఎవరిది ఏ పార్టీయో ఊళ్ళో గేదెలక్కూడా తెలుసు. మా వైపు నుంచి ప్రెసిడెంటుగా ఎవర్ని నిలబెట్టాలన్నదే పేచీ.

ఒకవైపు మా మిషన్ బడి మాస్టారు. ఊరి చివర పేటలో ఉండేవారు. ముప్పై ఏళ్ళు పార్టీ జెండా మోసిన మనిషి. గోడల మీద అక్షరాలు రాసింది ఆయన, పోలింగు రోజున ముసలివాళ్ళని రిక్షా ఎక్కించింది ఆయన, ఓడిపోయినప్పుడు తోరణాలు విప్పి మడతపెట్టి దాచింది కూడా ఆయనే. ఆయన ఎప్పుడూ ఏమీ అడగలేదు. ఆ ఏడు మాత్రం అడగాలనుకున్నారు, ఎందుకంటే పేట బావి పక్కనున్న పొలాలన్నీ ఒకాయన కౌలుకు తీసుకుంటున్నాడు. ఉప్పుటేరు నీళ్ళు ఇంజన్లతో తోడి అక్కడ రొయ్యల చెరువులు తవ్వుతాడట. పేట మొత్తానికి తాగే నీళ్ళ బావి అదొక్కటే. చెరువుల్లో ఉప్పునీళ్ళు నిలబడితే బావి చచ్చిపోతుంది. పంచాయతీ కుర్చీలో కూర్చుంటే ఆ తవ్వకం ఆపొచ్చని మాస్టారి ఆశ.

రెండోవైపు ఆ చెరువులాయనే. అవతలి పార్టీలోంచి వారం క్రితమే మా వైపు వచ్చాడు. ఆయన జీపు ఎంత పెద్దదంటే, ముందు చక్రాలు మా వీధిలో ఆగితే వెనక చక్రాలు ఇంకా అమలాపురం రోడ్డు మీదే ఉండేవి.

నేను నాలుగో తరగతి. మాస్టారికి అప్పటికే కళ్ళలో శుక్లాలు. ఆ శనివారం బడి వదిలాక నన్ను ఆపి, "అమ్మడూ, నీ దస్తూరీ గుండ్రంగా ఉంటుంది, నేను చెప్పేది పెద్ద అక్షరాల్లో రాసిపెట్టమ్మా" అని ఒక కాగితం చేతికిచ్చారు. ఆయన చెబుతుంటే నేను రాశాను. 'పెద్దలకు నమస్కారం. నాకు ఈ పదవి మీద ఆశ లేకపోయినా, మీరు ముమ్మారు అడిగిన మీదట కాదనలేక ఒప్పుకుంటున్నాను. నా మొదటి పని పేట బావి.' అంతే. రాసిన దాన్ని ఆయన కళ్ళకి దగ్గరగా పెట్టుకుని రెండుసార్లు చదువుకుని, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నారు. పెళ్ళిచూపులకి వెళ్ళబోయే కుర్రాడిలా ఉంది ఆయన ముఖం. ఇది పెంచింది కాదు.

మర్నాడు ఆదివారం మధ్యాహ్నం మా కొబ్బరి షెడ్డులో మీటింగు. కుర్చీలు చాలక సగం మంది కొబ్బరికాయల రాశి మీదే కూర్చున్నారు. లక్ష కాయలనుకోండి. ఎవరైనా కొంచెం గట్టిగా వాదిస్తే కింద నాలుగు కాయలు దొర్లి, ఆ మనిషి మాటతో సహా జారిపోయేవాడు. నేను జంతికల పళ్ళెం పట్టుకుని తాతయ్య కుర్చీ పక్కనే నిలబడ్డాను. మాస్టారు చర్చి నుంచి తిన్నగా వచ్చారు. ఇస్త్రీ చొక్కా. జేబులో నా దస్తూరీ. చెరువులాయన ఎదురుగా కూర్చుని మర్యాదగా నేలచూపులు చూస్తున్నాడు.

సొసైటీ గుమాస్తా మొదలుపెట్టాడు. "మాస్టారిని కాదనేవాళ్ళెవరండీ? దేవుడాయన. కానీ దేవుడికి ఓట్లు పడవండి, దండాలు పడతాయి. మంచివాణ్ణి పెట్టి ఓడిపోతే మనకి మిగిలేది మంచితనమే. గెలిచి చూపిద్దాం, మంచి తర్వాత చేద్దాం."

కొబ్బరి వలిచే మనుషుల మేస్త్రి రాశి మీంచి లేచాడు. మాస్టారి పేట వాడే. "ఏంటండీ మీరనేది? నిన్న వచ్చిన జీపుకి కుర్చీ ఇస్తే రేపు మన జెండా ఎవరు కడతారండి? ఆ జీపు కడుతుందా?"

"పేట ఓట్లు ఎలాగూ మనవే కదయ్యా," అన్నాడు గుమాస్తా, చాలా మెత్తగా. "అవెక్కడికీ పోవు. పోయే ఓట్ల కోసం చూసుకోవాలి గాని, పోని ఓట్ల కోసం తాపత్రయపడితే ఎలా?"

ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. ఎక్కడికీ పోని మనుషుల్ని ఏం చేసినా ఫర్వాలేదన్న లెక్క అది. దాన్ని తర్వాత పెద్ద పెద్ద మీటింగుల్లో, ఏసీ గదుల్లో, మంచి ఇంగ్లీషులో కూడా విన్నాను. కొబ్బరి షెడ్డులో విన్నంత స్పష్టంగా మళ్ళీ ఎక్కడా వినలేదు. మేస్త్రి ఇంకేదో అనబోయాడు. కాయలు దొర్లాయి. నవ్వులు లేచాయి. అతను కూర్చుండిపోయాడు.

అందరూ తాతయ్య వైపు చూశారు. తాతయ్య గొంతు సవరించుకున్నారు. అప్పటికే ఆయన మనసు జీపెక్కేసిందని నాకు తెలియదు. ముప్పై ఏళ్ళ స్నేహితుడి మొహం మీద "మీరొద్దు" అనడం మా వాళ్ళకి చేతకాదు, ప్రాణం పోయినా అనరు. ఆయన వేరే దారి వెతుక్కున్నారు.

"మాస్టారూ, ఈసారి మీరే నిలబడాలండి," అన్నారు.

"అబ్బే, నాకెందుకండీ. పెద్దవారు మీరుండగా," అన్నారు మాస్టారు.

"అలా అంటే ఎలాగండీ. ఊరంతా మిమ్మల్నే అనుకుంటోంది."

"నావల్ల ఏమవుతుందండీ. కుర్రాళ్ళనెవర్నైనా చూడండి." అంటూనే మాస్టారు చొక్కా సవరించుకుని, చెయ్యి జేబు మీద పెట్టుకున్నారు.

తాతయ్య మీసం ఒకసారి దువ్వుకున్నారు. తర్వాత కాళ్ళ దగ్గరున్న కొబ్బరికాయ ఒకటి తీసి, చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశారు, నీళ్ళున్నాయో లేదో అన్నట్టు. దాన్ని కింద పెట్టి, "సరేనండి. మాస్టారు వద్దంటున్నారు. పెద్దమనిషి మాట తోసెయ్యకూడదు," అన్నారు.

మా వాళ్ళలో ఒక్కడికి కూడా తెలియక కాదు. అన్నం దగ్గర తప్పని మర్యాద ఇక్కడ తప్పిందని ప్రతి ఒక్కడికీ తెలుసు. పక్కవాడు అంటాడులే అని ప్రతి ఒక్కడూ చూశాడు. అప్పుడు నేను జంతికల పళ్ళెం నేలకేసి కొట్టి, "తాతయ్యా, మూడోసారి అడగలేదు" అన్నాను. ఆ కేకకి లక్ష కాయలూ ఒక్కసారి దొర్లి, గుమాస్తా వీధి గుమ్మం దాకా కొట్టుకుపోయాడు. తాతయ్య నా కళ్ళలోకి చూడలేక, "నువ్వు లోపలికి వెళ్ళమ్మా" అన్నారు. అందరూ చెరువులాయనకి చప్పట్లు కొట్టారు.

అందరూ వెళ్ళాక మాస్టారు జేబులోంచి ఆ కాగితం తీశారు. పళ్ళెంలో మిగిలిన జంతికలు అందులో పోసి, పొట్లం కట్టి నా చేతిలో పెట్టారు. "తిను అమ్మడూ" అన్నారు. నా గుండ్రటి అక్షరాల మీదికి నూనె పాకింది.

మేం గెలిచాం. మామూలుగా కాదు, బ్రహ్మాండంగా గెలిచాం. పేట ఓట్లు ఎక్కడికీ పోలేదు. ఊరేగింపులో జీపు ముందు జెండా పట్టుకుని నడిచింది మాస్టారే.

మరుసటి వేసవికి చెరువులు నిండాయి. ఆ పై వేసవికి పేటలో పప్పు ఉడకడం మానేసింది. నీళ్ళు నోట్లో పోసుకుంటే నాలిక వెనక్కి వెళ్ళేది. ఆడవాళ్ళు బిందెలతో మైలున్నర దూరం నడిచి లాకుల దగ్గర కాలవ నీళ్ళు తెచ్చుకునేవారు. అక్కడ గట్టు జారుడు. మేస్త్రి భార్య ఎనిమిదో నెలలో, చంకన ఒక బిందె, నెత్తిన ఒక బిందెతో ఆ గట్టు మీద పడిపోయింది. ఆవిడ బతికింది. బిడ్డ బతకలేదు. ఏదైనా పెంచి చెప్పే నాకు, దీన్ని ఎలా పెంచాలో ఇన్నేళ్ళలో తెలియలేదు.

ఆ వారంలోనే తాతయ్య ఆత్రేయపురం పూతరేకుల పెట్టె ఒకటి పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని పేటకి వెళ్ళారు. మేస్త్రి ఇంటి ముందు కాసేపు నిలబడ్డారు గాని లోపలికి వెళ్ళలేకపోయారు. మాస్టారింటికి వెళ్ళారు. ఉన్న ఒక్క కుర్చీ తుడిచి వేశారు మాస్టారు. చాలాసేపు ఇద్దరూ ఎండ గురించి మాట్లాడుకున్నారు. తర్వాత ఎండ కూడా అయిపోయింది.

"మంచినీళ్ళు పుచ్చుకుంటారా అండీ?" అన్నారు మాస్టారు.

"ఇప్పుడే తాగి బయల్దేరానండి."

"ఎండన పడి వచ్చారు. కొంచెం పుచ్చుకోండి."

"మీకెందుకండీ శ్రమ."

మాస్టారు ఆగలేదు. "పుచ్చుకోండి, పెద్దాయన గారూ," అన్నారు మూడోసారి.

ముప్పై ఏళ్ళు ఒకే జెండా కింద తిరిగిన మా తాతయ్య ఆ ఇంట్లో నీళ్ళు తాగడం అదే మొదటిసారి. ఆ సంగతి గదిలో ఉన్న ముగ్గురికీ తెలుసు. స్టీలు గ్లాసు నిండా ఇచ్చారు. మొదటి గుక్కకే తాతయ్య ముఖం మారింది. ఆగలేదు. అడుగు కనబడేదాకా తాగారు.

"బావి నీళ్ళేనండి," అన్నారు మాస్టారు. "కాలవ నీళ్ళు ఒక్క బిందే ఉన్నాయి. మేస్త్రి ఇంట్లో ఆవిడ కోసం ఉంచామండి."

అందులో ఎత్తిపొడుపు ఉందా అని నేను ఇప్పటికీ వెతుకుతూ ఉంటాను. దొరకలేదు. ఉండుంటే తాతయ్యకి కొంచెం తేలికయ్యేది.

తిరిగి వస్తుంటే గట్టు మీద ఆగి, నా వైపు చూడకుండా, "మూడోసారి అడిగితే ఒప్పుకుంటాడని తెలుసమ్మా. తెలిసే అడగలేదు," అన్నారు. ఆ తర్వాత పార్టీ పెద్దరికం వదిలేశారు. వదిలేసినంత మాత్రాన బావి నీళ్ళు మళ్ళీ తియ్యనవ్వలేదు. ఆ బావిని తర్వాత పూడ్చేశారు.

ఇప్పుడు కాకినాడలో మా వార్డు పార్టీ కమిటీలో నేనూ ఒక మెంబర్ని. అభ్యర్థుల మీటింగు జరిగితే ఒక మూల నుంచి నేను మొండిగా అడుగుతూనే ఉంటాను. 'నాకెందుకండీ' అన్న ప్రతి మనిషినీ మూడోసారి, అనుమానముంటే నాలుగోసారి కూడా. 'ఈవిడొస్తే టీ చల్లారిపోతుంది' అని విసుక్కుంటారు. మా ఇంటికి భోజనానికి వచ్చినవాళ్ళ సంగతి సరేసరి, లేవలేక డొక్కలు పట్టుకుని వెళ్తారు.

ఇక చెప్పిన మాట ప్రకారం లెక్క ఒప్పజెప్పాలి. మీసాల మీద పిచ్చుకలు లేవు. రాశిలో పదివేల కాయలుంటే గొప్ప. జీపు జీపంతే ఉండేది. ఉప్పునీళ్ళు, గట్టు, గ్లాసు, వీటిలో నేను చెయ్యి పెట్టలేదు. పూర్తిగా కల్పించింది ఒక్కటే. నేను పళ్ళెం కొట్టలేదు. అప్పుడు కాయలు దొర్లలేదు. "మూడోసారి అడగలేదు" అని నేను అనలేదు. ఆ షెడ్డులో ఎవరూ అనలేదు. జేబులో కాగితం ఉందని తెలిసింది మాత్రం నాకొక్కదానికే.

నోటినిండా జంతికలుండి మాట రాలేదని చాలామందికి చెప్పుకున్నాను. అదీ కల్పనే. జంతికలు మాస్టారు తర్వాత పెట్టారు. అప్పటికి నా నోరు ఖాళీగానే ఉంది.