అడిగేవాళ్ళు లేని బండి

ఆ రోజుల్లో, కారున్న ఇంటివాళ్ళకు కాలు కింద పెట్టే పని ఉండదని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. ఆ నమ్మకం వదలడానికి ఒక్క వానాకాలం సరిపోయింది. మా మామ కారును విడిపించుకు రావడానికి ఆ కాలమంతా నేను తొండియార్‌పేట నుంచి పెరంబూరుకు, అక్కణ్ణుంచి తాలూకా ఆఫీసుకు, మళ్ళీ పెరంబూరుకు, సగం దూరం బస్సులోనూ సగం దూరం మురికినీళ్ళలోనూ తిరిగాను. రెండు జతల చెప్పులు పోయాయి (ఒకటి అరిగిపోయింది, రెండోది కొట్టుకుపోయింది). జీవితంలో అంత నడక నేను మరి దేనికోసమూ నడవలేదు.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. చింతాద్రిపేటలో మోటారు విడిభాగాల దుకాణంలో లెక్కలు రాసే ఉద్యోగంలో కొత్తగా చేరాను. దాంతో మా బంధువులందరికీ నాకు కార్ల సంగతి క్షుణ్ణంగా తెలుసునని ఒక అభిప్రాయం ఏర్పడింది. నాకు తెలిసింది క్లచ్ ప్లేటు ధర మాత్రమే; క్లచ్ ఏ కాలితో తొక్కాలో తెలియదు. ఉండేది మా అమ్మ తమ్ముడి ఇంట్లో. మామకు మిరపకాయల టోకు వ్యాపారం. వాళ్ళకు పిల్లలు లేరు, నేనే ఉన్నాను. ఆ ఎండాకాలం ఒక ఆదివారం భోంచేసి పడుకున్న మామ మళ్ళీ లేవలేదు. ఆయన వీధిలో ఆపిన లేత నీలం కారు ఆపినచోటే ఉండిపోయింది. అత్తకు నడపడం రాదు, నాకూ రాదు. అయినా రోజూ సాయంత్రం దీపం పెట్టాక అత్త కిందికి దిగివచ్చి, ఎడమ తలుపు తీసి, తన సీట్లో కాసేపు కూర్చుని వెళ్ళేది. లోపల ఏమీ చేసేది కాదు. పక్క సీటు వైపు కూడా చూసేది కాదు, ముందున్న గోడను చూసేది. వీధిలో ఎవరూ ఆ సంగతి ఎత్తేవాళ్ళు కారు. టైర్లలో గాలి పోయింది, బ్యాటరీ చచ్చింది, కింద ఒక పిల్లి సంసారం పెట్టింది.

తర్వాత వాననీటి కాలువ తవ్వడానికి మనుషులు వచ్చారు. ఒక మధ్యాహ్నం నేను దుకాణంలో ఉండగా అత్త ఫోన్ చేసింది.

"రేయ్ నాయనా, మామ కారు ఆడ లేదు రా."

"అదెలా పోతుంది అత్తా, కదలదు కదా!"

"కదల్లేదు రా. ఎత్తుకొని పొయ్యినారు. పూలమ్మే ఆమె చూసిందంట. లారీ మాదిరి బండి వొచ్చి, ముందర కాళ్ళు పట్టి ఈడ్చుకొని పొయ్యిందంట, గొడ్డును మాదిరి."

వారం ముందే కారుకు నోటీసు అంటించామని కార్పొరేషన్ వాళ్ళన్నారు. అంటించే ఉంటారు. మా వీధిలో ఒక ఆవు ఉండేది. ఎన్నికల పోస్టర్ల మీదే బతికి అంత లావయింది. నోటీసును అదే చదివి ఉంటుంది.

స్వాధీనం చేసుకున్న బండ్లన్నిటినీ పెరంబూరు దగ్గర ఒక ఫ్లైఓవర్ కింద చేర్చేవాళ్ళు. అక్కడ రేకుల గదిలో కూర్చునే గుమాస్తాకు నేను 'నాళైక్కి' అని పేరు పెట్టుకున్నాను. తమిళంలో 'రేపు' అని ఆ మాటకు అర్థం. ఆయన నోట ఎక్కువగా వచ్చిన మాట అదే. మొదటి రోజు ఆయన మర్యాదగానే మాట్లాడాడు.

"ఓనరు స్వయంగా రావాలి తంబీ."

"ఆయన పోయారు సార్."

"ఎక్కడికి?"

నాకు ఆ మాట నోటితో చెప్పడం ఇంకా అలవాటు కాలేదు. చెయ్యి పైకెత్తి చూపించాను. ఆయన తలెత్తి ఫ్లైఓవర్‌ను కాసేపు చూశాడు. "సరే, తిరిగొచ్చాక తీసుకురా," అన్నాడు.

సంగతి అర్థమయ్యాక ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు, టీ కూడా తెప్పించాడు. కానీ టీ వేరు, పద్ధతి వేరు. కారు చనిపోయినాయన పేరున ఉంది కాబట్టి మరణ ధ్రువపత్రం కావాలి, ఆయన వారసులెవరో తాలూకా ఆఫీసు తేల్చి చెప్పాలి. జరిమానా కట్టాలి, ఈడ్చుకొచ్చిన కూలి కట్టాలి, అక్కడ నిలబెట్టినందుకు రోజుకింత చొప్పున అద్దె కట్టాలి. (అద్దెకున్న గదిలో నా స్నేహితులు కొందరు ఆ కారుకంటే ఇరుకుగా ఉండేవాళ్ళు.) ఇన్సూరెన్సు తీరిపోయింది, అదీ కట్టాలి. పొగ పరీక్ష చేయించాలి. బండి తీసుకెళ్ళకుండా పొగ పరీక్ష ఎలా అన్నాను. పరీక్ష లేకుండా బండి ఇవ్వడం ఎలా అన్నాడు ఆయన. ఆయన ఫైలు మూసేశాడు. "నాళైక్కి వా," అన్నాడు.

తాలూకా ఆఫీసు నుంచి విచారణకు ఒకాయన ఇంటికొచ్చాడు. పొరుగువాళ్ళను పిలిచి, ఫలానా ఆయన పోయిన మాట నిజమేనా, ఈవిడ ఆయన భార్యేనా అని అడిగాడు. అత్త తలుపు పక్కన నిలబడి, తన పెళ్ళి గురించీ మొగుడి చావు గురించీ వీధిలోవాళ్ళు ఇచ్చే సాక్ష్యం వింటోంది. చివరకు ఆయన కళ్ళజోడు సర్దుకుని, "ఇంకెవరైనా భార్యలున్నారా అమ్మా?" అన్నాడు. అది అడగక తప్పని ప్రశ్నేనట.

"ఉన్నింటే ఆమెనే పంపించుందునే," అంది అత్త. "మా పిలకాయి ఎందుకు ఇంత అలసట పడును?"

మామ పోయాక అత్త నోట అలాంటి మాట రావడం అదే మొదలు. నేను నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాను.

అద్దె పెరుగుతూ పోయింది. అన్నీ కలిపితే, కారు అమ్మితే వచ్చేదానికంటే విడిపించడానికి అయ్యేదే ఎక్కువని తేలింది. లెక్కలు రాసేవాణ్ణి కదా, నాకు మనసొప్పలేదు. మా ముదలాళి, అంటే దుకాణం యజమాని కూడా, "వదిలెయ్యి రా, వాళ్ళే వేలం వేసుకుంటారు," అన్నాడు. ఒకరోజు ధైర్యం చేసి అత్తకు చెప్పాను. అత్త అప్పుడు ఖాళీగా మిగిలిన జాగాకు ఎదురుగా గడప మీద కూర్చుని ఉంది. కారు ఉన్నంత మేర నేల వేరే రంగులో ఉండేది, దాని పక్కనే కాలువ గుంత. దీపం పెట్టాక దిగిరావడం ఆమె మానలేదు. కూర్చోవడానికే చోటు లేదు.

"చీటీ ఎత్తినాను," అంది. "తోసి ఎత్తినాను, ముందే కావాలని కొంత వొదులుకొని. నష్టమే. కొంచెం జాస్తిగానే తెచ్చినాను. నువ్వు లెక్కలు చెప్పబాకు."

పొగ పరీక్ష చిక్కు చివరికి నాళైక్కి గారే విప్పాడు. బండి రోడ్డు మీద నడిస్తే కదా పొగ. ఎత్తుకుపోయే బండిని మాట్లాడుకుంటే పరీక్ష తర్వాత చేయించుకోవచ్చు, పై అధికారిని అడిగానన్నాడు. ఆ ఉపాయం మొదటి రోజే ఎందుకు తోచలేదో నేను అడగలేదు.

సంతకానికి అత్త కూడా రావాలి కనుక ఇద్దరం వెళ్ళాం. అన్నీ కట్టాం. రసీదు నా చేతిలో పెట్టాడు. అత్త దాన్ని అందుకుని చదివింది (ఆమె చదువంతా తమిళంలోనే). ఒకచోట ఆగిపోయింది. ఇలాంటి బండ్లకు అక్కడ వాడే మాట ఒకటుంది. తెలుగులో చెప్పాలంటే 'అడిగేవాళ్ళు లేని బండి' అని.

"ఇది కొట్టెయ్యండి," అంది.

"అది అచ్చు వేసిన మాటమ్మా. అన్ని రసీదుల్లోనూ అదే ఉంటుంది."

"అన్ని బండ్ల సంగతి నాకెందుకయ్యా? ఈ అబ్బాయి దినమూ వొచ్చి అడిగినాడా లేదా? నేను అడిగినానా లేదా? అడిగేవాళ్ళు లేరని ఎట్ల రాస్తారు?"

"అమ్మా, బండి దొరికింది కదా..."

"బండి ఈడే ఉండనీ. ఆ మాట మాత్రం ఉండకూడదు."

అత్త గొంతు పెంచలేదు. రేకుల గది ముందున్న స్టూలు మీద కూర్చుంది. ఎత్తుకుపోయే బండివాడు గడియారం చూశాడు, నేను నేల చూశాను. ఇంకో గంటలో గేటు మూసేస్తారు, మూస్తే మరో రోజు అద్దె. నాళైక్కి కలం మూత తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. లోపలికి వెళ్ళి పై అధికారితో మాట్లాడి వచ్చాడు. చివరికి ఆ మాట మీద ఒక గీత గీసి, పైన చిన్న అక్షరాలతో 'అడిగేవాళ్ళు ఉన్నారు' అని రాసి, సంతకం చేసి, ముద్ర కూడా వేశాడు. అత్త లేచి ఆయనకు దణ్ణం పెట్టింది. ఆయన కంగారుగా లేచి నిలబడ్డాడు.

కారు తలుపు తీయగానే నెలల తరబడి లోపల మగ్గిన ఎండుమిరప ఘాటు గుప్పున వచ్చింది. ముందు నాళైక్కి తుమ్మాడు, తర్వాత నేను, తర్వాత బండివాడు. అందరికంటే ఎక్కువసేపు అత్త తుమ్మింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. మేమూ మా కళ్ళు తుడుచుకుంటున్నాం కనుక ఎవరూ ఏమీ అనుకోలేదు.

ముందు చక్రాలు పైకెత్తి కట్టాక, బండివాడు తన పక్కన కూర్చోమన్నాడు. అత్త వినిపించుకోకుండా కారెక్కి ఎడమ సీట్లో కూర్చుంది. వద్దని వాడు చాలాసేపు చెప్పి చూసి, ఇందాక స్టూలు దగ్గర జరిగింది గుర్తొచ్చిందేమో, మెల్లిగా పోతానని ఒప్పుకున్నాడు. ఆమెను ఒంటరిగా వదల్లేక నేను కుడివైపు ఎక్కాను. ఇద్దరం వెనక్కి ఒరిగిపోయాం. అద్దంలోంచి మబ్బులు, కరెంటు తీగలు, మేడల మీద ఆరేసిన బట్టలు తప్ప ఇంకేమీ కనబడలేదు. సన్నగా తుంపర పడుతోంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక స్టీరింగు పట్టుకున్నాను. మలుపు రాగానే అత్త కాళ్ళు నేలకు అదిమిపట్టి, ముందున్న ఆకాశాన్నే చూస్తూ, "నిదానంగా పో," అంది. "మెల్లిగా."

అది నాతో అన్న మాట కాదని నాకు తెలుసు. "సరే," అన్నాను.

కారు మరుసటి ఏడు పాతసామాను అంగడికి పోయింది. అత్తే పిలిచి ఇచ్చేసింది. ఆ తర్వాత మరికొన్నేళ్ళకు అత్త కూడా పోయింది. ఇప్పుడు నాకు కారుంది, లైసెన్సుంది, నలుగురిలో మంచి డ్రైవరునన్న పేరూ ఉంది. అయినా ఆ సాయంత్రం నడిపినంత శ్రద్ధగా నేను ఇంకెప్పుడూ నడపలేదు. నేల మీద ఆనని చక్రాలను, మలుపు మలుపుకీ, తొండియార్‌పేట దాకా తిప్పుతూనే వచ్చాను.